బండికి మార్పులు చేశాక ఈసీయూ రీట్యూన్ చేయించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు మోటార్‌సైకిల్ మీద మక్కువ ఉన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. ఈసీయూ అంటే ఇంజన్‌కు ఎంత పెట్రోలు కొట్టాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్. అందులోని లెక్కలు మార్చడమే రీట్యూన్. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంజన్ పీల్చే గాలి లెక్క నిజంగా మారితేనే రీట్యూన్ కావాలి. మారిందో లేదో కొలిచి తెలుసుకోవాలి. పక్కబండి వాడు చేయించాడనో, శబ్దం మారిందనో ఈసీయూ జోలికి వెళ్లవద్దు.

వెనక సైలెన్సర్ డబ్బా ఒక్కటే మార్చాను. రీట్యూన్ తప్పదా?

చాలా బండ్లకు అవసరం లేదు. పొగ బయటికి పోయే దారిలో పెద్ద అడ్డు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండ్లలో చాలావాటికి అది బెండు పైపులోనో, ఇంజన్ కిందనో ఉంటుంది. దాన్ని కదిలించకుండా చివరి డబ్బా మాత్రమే మార్చినప్పుడు ఇంజన్ గుండా పోయే గాలిలో వచ్చే తేడా స్వల్పం. శబ్దం పెరగడం వల్ల బండి వేగంగా కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి ఖర్చు పెట్టకండి.

రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఒకటి, మీ బండి క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ వెనక డబ్బాలోనే ఉందేమో తెలుసుకోండి. ఉంటే మీరు మార్చింది శబ్దాన్ని మాత్రమే కాదు, పొగను శుద్ధి చేసే భాగాన్నే తీసేశారు. రెండోది అంతకంటే తరచుగా కనిపించే సంగతి. పైపు విప్పి బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేస్తారు. ఆ జాయింటు ఆక్సిజన్ సెన్సార్‌కు ముందో, దగ్గరలోనో ఉండి అక్కడ సన్నటి లీకు ఉంటే బయటి గాలి లోపలికి వస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఆ సెన్సార్ ఆ గాలిని చూసి ఇంజన్‌కు పెట్రోలు తక్కువైందని చెబుతుంది, ఈసీయూ అవసరం లేకున్నా పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. ఇలాంటి బండికి రీట్యూన్ అంటే రోగం ఒకచోట, మందు మరోచోట. కొత్త గ్యాస్కెట్ వేసి చూడండి.

ఈసీయూ తనంతట తానే సర్దుకుంటుందని అంటారు. నిజమేనా?

కొంతవరకు నిజం. ఎంతవరకో తెలుసుకుంటే మీ ప్రశ్నల్లో సగం అక్కడే తీరిపోతాయి.

పెట్రోలు పూర్తిగా కాలడానికి, తూకంలో 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. మామూలు బండ్లలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ ఈ ఒక్క బిందువుకు అటు ఉన్నామా, ఇటు ఉన్నామా అని మాత్రమే చెప్పగలదు. దాని వోల్టేజీ 0.45కు పైకి వెళితే పెట్రోలు ఎక్కువ, కిందికి వస్తే తక్కువ. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది దానికి తెలియదు. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ, నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకు ఒకే వేగంతో సాగిపోతున్నప్పుడూ ఈసీయూ ఈ సెన్సార్ మాట వింటూ పెట్రోలును క్షణక్షణం సవరిస్తుంది. ఈ సవరింపును ట్రిమ్ అంటారు.

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పారనుకోండి. ఇంజన్‌కు అప్పుడు 14.7 లెక్క కుదరదు. బలం కోసం, వేడి తగ్గడం కోసం గాలి 12.5 నుంచి 13 వంతుల మధ్యకు దిగాలి, అంటే పెట్రోలు వాటా పెరగాలి. అక్కడ ఏం జరుగుతోందో ఈ సెన్సార్ కొలవలేదు. అందుకే ఈసీయూ దాని మాట పక్కన పెట్టి, కంపెనీ తనలో రాసిపెట్టిన పట్టికను చూసి పెట్రోలు కొడుతుంది. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, వాల్వులను తెరిచే క్యామ్ వంటి మార్పుల ప్రభావం ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఈ దశలోనే. సర్దుబాటు ఎక్కువ అవసరమైన చోట సర్దుకునే శక్తి దానికి లేదన్నమాట. కొన్ని ఈసీయూలు మామూలు వేగంలో నేర్చుకున్న సవరింపును పూర్తి యాక్సిలరేటర్ దశకు కూడా కొంత వర్తింపజేస్తాయి. కానీ దానికీ ఒక హద్దుంటుంది.

కాబట్టి ముందు చేయాల్సింది స్కానర్ పెట్టి దీర్ఘకాలిక ట్రిమ్, అంటే ఈసీయూ కాలక్రమేణా నేర్చుకున్న సవరింపు, చూడటం. నా లెక్క ఇది: 5 శాతం లోపు ఉంటే ఆ బండిని వదిలేయండి. 10 శాతం దాటితే ముందు లీకులు, పెట్రోలు పంపు ప్రెషర్, ఇంజెక్టర్ చూడండి. అవన్నీ సవ్యంగా ఉండీ 10 దాటుతుంటే అప్పుడు రీట్యూన్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఏ మార్పులకు రీట్యూన్ ఖాయంగా కావాలి?

బోరు పెంచి పెద్ద పిస్టన్ వేసినా, కంప్రెషన్ పెంచినా, క్యామ్ మార్చినా, థ్రాటిల్ బాడీ లేదా ఇంజెక్టర్ పెద్దది పెట్టినా, హెడ్‌లో పోర్టులు తొలిచినా రీట్యూన్ తప్పదు. ఇందులో వాదన లేదు. ఇంజెక్టర్ మారితే ఈసీయూకు తెలిసిన పెట్రోలు లెక్క మొత్తం తప్పుతుంది. కంప్రెషన్ పెరిగితే పెట్రోలు కంటే ముందు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి జరగాలి. లేకపోతే ఇంజన్ నాక్ కొడుతుంది (పెట్రోలు అదుపు తప్పి కాలుతుంది), పిస్టన్ పైభాగం దెబ్బతింటుంది. ఈ పనులు చేయించి ట్యూన్‌ను తర్వాత చూసుకుందాంలే అని అదే రోజు హైవే ఎక్కేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ట్యూనింగ్‌కు డబ్బు సమకూరే దాకా ఇంజన్ పని కూడా ఆపండి. రెండూ కలిపి ఒకే పని.

బెండు పైపుతో సహా మొత్తం సైలెన్సర్ మార్చి, ఎయిర్ బాక్స్ కూడా తీసేసి నేరుగా ఫిల్టర్ తగిలిస్తే అదీ దాదాపు ఈ కోవలోకే వస్తుంది. ముఖ్యంగా ఎక్కువ ఆర్‌పీఎంలో.

స్ప్రాకెట్, టైరు సైజు, హ్యాండిల్, క్లచ్ ప్లేట్లకు ఈసీయూతో సంబంధం లేదు. గేర్‌బాక్స్ దగ్గర స్పీడ్ సెన్సార్ ఉన్న బండ్లలో స్ప్రాకెట్ మారిస్తే మీటరు వేగం తప్పు చూపిస్తుంది, అంతే.

గాలి బాగా వచ్చే ఎయిర్ ఫిల్టర్ వేశాను. దానికి?

కంపెనీ బాక్స్‌లోనే కొత్త ఫిల్టర్ వేస్తే చాలా బండ్లకు రీట్యూన్ అక్కర్లేదు. అసలు ఆ ఫిల్టర్ మన వైపు అవసరమా అన్నదే నా ప్రశ్న. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ గాలిలో ఊక బూడిద, హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సిమెంటు దుమ్ము, మిగతా చోట్ల మట్టిరోడ్లు. గాలి తేలిగ్గా వదిలే నూనె ఫిల్టర్లు సన్నటి దుమ్మును కూడా కొంత తేలిగ్గానే వదులుతాయి. ఆ దుమ్ము సిలిండర్ గోడను అరగదీస్తుంది. పొలాల మధ్య తిరిగే బండికి కంపెనీ పేపర్ ఫిల్టరే మేలు. దాన్ని పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చండి. పేరుకుపోయిన దుమ్ముతో మూసుకున్న ఫిల్టర్‌ను మార్చగానే తిరిగి వచ్చే పికప్‌ను చాలామంది కొత్త బ్రాండు గొప్పతనం అనుకుంటారు.

యాక్సిలరేటర్ వదిలితే పట్‌పట్‌మని పేలుతోంది. పెట్రోలు తక్కువైందనా?

కావచ్చు, కాకపోవచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు చాలా ఇంజన్లు పెట్రోలును దాదాపు ఆపేస్తాయి. మిగిలిన కాస్త ఆవిరి వేడి పైపులో గాలి తగిలి కాలుతుంది. కొన్ని బండ్లలో పొగను శుద్ధి చేయడానికి పైపులోకి గాలి పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. కంపెనీ డబ్బాలో వినిపించని ఆ చిన్న చప్పుడు పలుచని డబ్బాలో పెద్దగా వినిపిస్తుంది. ఇది ఒక్కటే కనిపిస్తే కంగారు పడకండి.

నిజంగా పెట్రోలు తక్కువైన బండి లక్షణాలు వేరు. సమవేగంలో కుదుపులు, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క క్షణం తడబాటు, మామూలు కంటే ఎక్కువ వేడి, పూర్తి లాగుడులో పైకి వెళ్లేకొద్దీ బలం చచ్చుబడటం. ఇవి కనిపిస్తే గాలి, పెట్రోలు పాళ్లు ఎంతో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్‌తో కొలిపించండి.

ప్లగ్గు రంగు చూసి తేల్చే పాత అలవాటు కార్బురేటర్ రోజుల్లో బాగానే పనిచేసింది. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుతో, క్షణక్షణం మారే ఇంజెక్షన్‌తో ఆ రంగు స్థూలంగా తప్ప ఏమీ చెప్పదు. నల్లగా మసి పట్టిందా, తెల్లగా కాలిపోయిందా అన్నంత వరకు చూడండి. అంతకు మించి దాని మీద నిర్ణయం తీసుకోవద్దు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు వచ్చాక పాత ట్యూన్ చెల్లుతుందా?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న, కొద్దిమందే అడుగుతున్నారు. స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలని చెప్పాను కదా. ఇథనాల్‌కు సుమారు 9 వంతులు చాలు. అందుకని 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 14.1, 20 శాతం కలిసినదానికి సుమారు 13.5 సరిపోతాయి. అంటే 10 శాతం కాలంలో చేసిన ట్యూన్‌తో ఈ20 పోస్తే, పూర్తి యాక్సిలరేటర్ దశలో ఇంజన్ సుమారు 4 శాతం పెట్రోలు కొరతతో నడుస్తుంది.

కంపెనీ మ్యాపులో (ఈసీయూలో రాసిపెట్టిన పట్టికలో) సాధారణంగా కొంత భద్రత వదిలి ఉంటుంది కాబట్టి మార్పులు లేని బండి ఆ 4 శాతాన్ని తట్టుకుంటుంది. మార్పులు చేసి, చివరి చుక్క బలం కోసం అంచు దాకా ట్యూన్ చేసిన బండికి ఆ వెసులుబాటు ఉండదు. మీ ట్యూన్ ఈ20 రాకముందుదైతే ఒకసారి మళ్లీ కొలిపించండి. ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు 12.8, 13 వంటి అంకెల్లో కాకుండా లాంబ్డాలో అడగండి, అంటే అందిన గాలిని ఆ ఇంధనానికి కావాల్సిన గాలితో భాగిస్తే వచ్చే అంకెలో. ఏ ఇంధనమైనా లాంబ్డా 1 అంటే సరిసమానం, పూర్తి లాగుడులో 0.85 నుంచి 0.90 మధ్య ఉంటే క్షేమం. చాలా మీటర్లు లోపల పెట్రోలు లెక్కనే పెట్టుకుని అంకె చూపిస్తాయి కాబట్టి ఈ పద్ధతిలో గందరగోళం ఉండదు.

ఇంకొక మాట. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. వానాకాలంలో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపిన బండి సరిగ్గా నడవకపోతే ముందు పెట్రోలు మార్చి చూడండి.

మన ఎండలకు ప్రత్యేకంగా ట్యూన్ చేయించాలా?

నల్లగొండలో మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలుచన. ఇంజన్‌కు ఆ మేరకు గాలి తక్కువ అందుతుంది, బలమూ ఆ మేరకు తగ్గుతుంది. ఈసీయూ గాలి ఉష్ణోగ్రత సెన్సార్ చూసి పెట్రోలు తానే తగ్గించుకుంటుంది. ఎండాకాలం బండి కాస్త మందకొడిగా ఉంటే అది జబ్బు కాదు.

ప్రమాదం ఇగ్నిషన్ టైమింగ్‌తో. డిసెంబరు చలిలో నాక్ అంచు దాకా టైమింగ్ ముందుకు జరిపిన బండి మే నెలలో గలగలమంటుంది. ముఖ్యంగా ఎయిర్ కూల్డ్ ఇంజన్లు. వెనక మనిషిని ఎక్కించుకుని, శ్రీశైలం డ్యాం నుంచి ఈగలపెంట వైపు ఘాటు మీద పెద్ద గేరులో లాగిస్తూ వినండి. హెల్మెట్‌లోకి గాజు పూసలు రాలినట్టు సన్నటి చప్పుడు వినిపిస్తే గేరు తగ్గించండి, టైమింగ్ వెనక్కి జరిపించే దాకా ఆ లాగుడు మానండి. ట్యూన్ చేయించేటప్పుడే ట్యూనర్‌కు చెప్పండి: ఈ బండి నల్లగొండ ఎండలో తిరుగుతుంది, టైమింగ్‌లో వెసులుబాటు ఉంచండి అని. ఒకటో అరో హార్స్‌పవర్ తగ్గినా ఇంజన్ బతుకుతుంది.

ఘాటు ఎత్తు గురించి దిగులు అక్కర్లేదు. ఆ కొద్దిపాటి ఎత్తును గాలి పీడనం చూసి ఈసీయూ తానే సర్దుకుంటుంది.

పిగ్గీబ్యాక్ బాక్స్ మంచిదా, ఈసీయూ ఫ్లాష్ మంచిదా?

పిగ్గీబ్యాక్ బాక్స్ సెన్సార్లకూ, ఇంజెక్టర్‌కూ మధ్య కూర్చుని పెట్రోలును, కొన్నిట్లో టైమింగ్‌ను కూడా మారుస్తుంది. బెంగళూరు కంపెనీ రేస్ డైనమిక్స్ తయారు చేసే పవర్‌ట్రానిక్, ఫ్యూయెల్‌ఎక్స్ మన దగ్గర ఎక్కువ కనిపించేవి. వీటి గొప్ప సుగుణం విప్పేస్తే బండి మళ్లీ కంపెనీ స్థితికి వస్తుంది. బండి ఇంకా వారంటీలో ఉన్నవాళ్లు, రేపు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు దీని వైపు మొగ్గడం సహజం. కానీ వైరింగ్ మధ్య పెట్టే ప్రతి కనెక్టర్ వానకు, కుదుపులకు ఒక బలహీనమైన చోటే.

ఫ్లాష్ అంటే ఈసీయూ లోపలి పట్టికలనే తిరగరాయడం. చేసేవాడికి పని తెలిస్తే ఇదే శుభ్రమైన మార్గం. 2017 తర్వాతి కేటీఎం 390 డ్యూక్‌లా యాక్సిలరేటర్ కేబులు లేకుండా ఎలక్ట్రానిక్‌గా నడిచే బండ్లలో థ్రాటిల్ ఎంత తెరుచుకోవాలన్నదీ ఈసీయూ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌తో వచ్చే తేడా ఎక్కువ. అయితే రాస్తుండగా బ్యాటరీ పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. చార్జర్ తగిలించకుండా ఫ్లాష్ మొదలుపెట్టే చోటు నుంచి బండి తీసుకుని వచ్చేయండి. కంపెనీ మ్యాపును ముందుగా చదివి, ఆ ఫైలు కాపీ మీకు ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే అక్కడ చేయించకండి.

మూడోది, ఆక్సిజన్ సెన్సార్ తీసేసి దాని స్థానంలో తగిలించే చిన్న ముక్క. అది ఈసీయూకు ఎప్పుడూ ఒకే అబద్ధం చెబుతుంది. బండి దానితో కాస్త మెత్తగా నడిచినట్టు అనిపించవచ్చు, కానీ మీరు కళ్లున్న ఇంజన్‌ను గుడ్డిదాన్ని చేస్తున్నారు. రోజూ తిరిగే బండికి ఇది ససేమిరా వద్దంటాను.

స్నేహితుడి బండి మ్యాపు నా బండికి ఎక్కిస్తే?

ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఒకే సైలెన్సర్, ఒకే ఫిల్టర్ అయినా అది ప్రారంభ స్థానం మాత్రమే. కొలిచి సరిచూడకుండా పూర్తి లాగుడు లాగకండి. మోడల్ సంవత్సరం వేరైతే ఎక్కించనే వద్దు.

డైనో (బండిని ఒకచోట నిలిపి బలం కొలిచే యంత్రం) లేకుండా రోడ్డు మీద ట్యూన్ చేయవచ్చా?

వైడ్‌బ్యాండ్ సెన్సార్ తగిలించి, నడిపిన లెక్కలు రికార్డు చేసి, ఇంటికి వచ్చి సరిచేయడం సాంకేతికంగా సాధ్యమే. మామూలు వేగాల వరకు అది చక్కని పద్ధతి. పూర్తి యాక్సిలరేటర్ దశను రోడ్డు మీద చేయడాన్ని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. విజయవాడ హైవే మీద ఎదురు వచ్చే ట్రాక్టర్లు, బెంగళూరు హైవే మీద జడ్చర్ల దగ్గర అడ్డంగా దాటే జనం, వడ్ల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. అక్కడ మీటరు చూస్తూ ఐదో గేరులో లాగడం మీ ప్రాణంతోనూ, ఎదుటివాడి ప్రాణంతోనూ చెలగాటం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లే. పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి పని ముగించుకుని రావచ్చు.

డైనో కాగితం చూసేటప్పుడు మొదటి లాగుడు, చివరి లాగుడు ఒకే డైనో మీద, ఒకే గేరులో, ఒకే రకం ఉష్ణోగ్రత సవరింపుతో తీశారా అని అడగండి. వేడెక్కిన ఇంజన్‌తో మధ్యాహ్నం తీసిన గీతను, చల్లబడ్డాక సాయంత్రం తీసిన గీతతో పోల్చి లాభం చూపించడం తేలిక. బలం గీతతో పాటు లాంబ్డా గీత లేని కాగితం నాకైతే అక్కర్లేదు.

రీట్యూన్‌తో మైలేజీ పెరుగుతుందా?

సమవేగంలో కంపెనీయే ఇంజన్‌ను పొదుపుగా నడుపుతుంది. అక్కడ మిగిల్చేది పెద్దగా ఉండదు. మార్పుల వల్ల చెడిన మైలేజీ తిరిగి రావచ్చు. కంపెనీ చెప్పినదాన్ని మించి వస్తుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

బండికి పికప్ తక్కువనిపిస్తోంది. అందుకే ట్యూన్ అడుగుతున్నాను.

ముందు ట్యాపెట్లు సరిచూడండి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి, ప్లగ్గు మార్చండి, చెయిన్ బిగువు, టైరు గాలి, పట్టేసిన బ్రేకు చూడండి. తర్వాత కూడా తక్కువనిపిస్తే వెనక స్ప్రాకెట్‌లో రెండు పళ్లు పెంచి చూడండి. ఊళ్ల మధ్య తిరిగే బండికి అది ఇచ్చే చురుకు చిన్న ట్యూన్ కంటే స్పష్టంగా తెలుస్తుంది. టాప్ స్పీడ్ కొంత తగ్గుతుంది, ఇంజన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది.

చట్టం ఏమంటుంది? వారంటీ, బీమా సంగతి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. బోరు పెంచితే సీసీ మారుతుంది, అది సూటిగా దీని కిందికి వస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, వాటితో పాటు లైసెన్సు మీద మూడు నెలల వేటు ఉన్నాయి. తెలంగాణలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు మీరు చూసే ఉంటారు. ఎంత మంచి ట్యూన్ అయినా చట్టానికి విరుద్ధమైన సైలెన్సర్‌ను చట్టబద్ధం చేయదు.

ఈసీయూ రాత మారిందని సర్వీసు సెంటరు గుర్తిస్తే ఇంజన్ వారంటీ నిరాకరించవచ్చు. బీమా కంపెనీకి చెప్పని మార్పులు క్లెయిమ్ సమయంలో తగవుకు దారితీస్తాయి. వారంటీలో ఉన్న బండికి ఇంజన్ మార్పులు వద్దన్నది నా సలహా.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి పాత యజమాని ట్యూన్ చేయించాడట. ఏం చేయాలి?

ఏ భాగాలకు చేయించాడో, ఎవరు చేశారో, ఫైలు ఉందో అడగండి. జవాబు దొరకకపోతే మ్యాపును కంపెనీ స్థితికి తెప్పించడమే మంచిది. చాలామంది అమ్మేటప్పుడు ఖరీదైన సైలెన్సర్ విప్పుకుని కంపెనీది బిగిస్తారు, మ్యాపును మాత్రం అలాగే వదిలేస్తారు. అప్పుడు ఆ బండి అవసరానికి మించి పెట్రోలు తాగుతూ, ఆయిల్‌ను పలుచన చేస్తూ, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాలుస్తూ తిరుగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోలు వాసన గుప్పుమంటే మ్యాపును అనుమానించాల్సిందే.

నేనే పాత సైలెన్సర్ మళ్లీ బిగించుకుంటే మ్యాపు అలాగే ఉంచవచ్చా?

ఉంచకూడదు. ట్యూన్ ఏ భాగాలకు చేశారో వాటికే చెల్లుతుంది. పిగ్గీబ్యాక్ అయితే విప్పేయండి. ఫ్లాష్ అయితే మొదట తీసుకున్న కంపెనీ ఫైలును తిరిగి ఎక్కించి, ఒక వారం మామూలుగా నడిపి, స్కానర్‌తో ట్రిమ్ సరిచూడండి.